మేనేజర్ వేధిస్తుంటే: ముందు మెయిల్, తర్వాతే రాజీనామా

గట్టిగా పని చేయించే మేనేజర్ ఎక్కడైనా ఉంటాడు. తప్పు చూపించి, దాన్ని ఎలా దిద్దుకోవాలో కూడా చెబితే మాట కటువైనా ఓర్చుకోవచ్చు. నలుగురిలో పరువు తీయడం, నోటితో ఒకటి చెప్పి ఆనక "నేనలా అనలేదే" అనడం, సెలవు అడిగితే అప్రైజల్ పేరెత్తి బెదిరించడం నెలల తరబడి సాగుతుంటే మాత్రం మీరొక్కరే సర్దుకుపోనక్కర్లేదు.

మొదట, నోటిమాటను రాతలోకి తెండి. మాట్లాడిన గంటలోపే ఇలా మెయిల్ పెట్టండి: "సార్, ఇందాక మీరు చెప్పినట్టు రిపోర్టు ఆపి డెమో పని మొదలుపెట్టాను. రిపోర్టు శుక్రవారం కాకుండా మంగళవారం ఇస్తాను. ఏమైనా మార్చాలంటే చెప్పండి." ఇందులో కోపం లేదు, ఫిర్యాదు లేదు. శుక్రవారం "రిపోర్టేది?" అని అందరి ముందూ అరిస్తే చూపించడానికి ఆధారం మాత్రం ఉంది. ఆయన జవాబివ్వకపోయినా ఆ మెయిల్ పనికొస్తుంది. ఫోన్లో, వాట్సాప్‌లో చెప్పిన పనులకూ ఇలాగే చేయండి.

అరుస్తున్నప్పుడు వాదనకు దిగకండి. "దీని గురించి విడిగా మాట్లాడదాం సార్, మూడింటికి వీలవుతుందా?" అని ఆగిపోండి.

ఇంటికెళ్లాక సొంత నోట్‌బుక్‌లో తేదీ, సమయం, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, అక్కడున్నవాళ్ల పేర్లు రాయండి. "చాలా అవమానించారు" అని రాస్తే హెచ్‌ఆర్ దగ్గర నిలబడదు. "మార్చి 12, ఉదయం 10:30 మీటింగులో ఆరుగురి ముందు 'బుర్ర ఉందా' అన్నారు" అంటే నిలబడుతుంది. ఆఫీసు మెయిళ్లను సొంత జీమెయిల్‌కు పంపుకోవద్దు. కంపెనీ డేటా బయటికి పంపారని తిరిగి మీమీదే కేసు కట్టే అవకాశం కంపెనీకి దొరుకుతుంది.

హెచ్‌ఆర్ కంపెనీ తరఫు మనిషే, అది మరచిపోవద్దు. అందుకే గోడు వెళ్లబోసుకోకుండా మూడు నాలుగు సంఘటనలు ఒక్క పేజీలో రాసి, ఏం కావాలో అడగండి: టీం మార్పో, రిపోర్టింగ్ మార్పో. మేనేజర్ పైఅధికారి న్యాయంగా ఉండే మనిషైతే ముందు ఆయన్నే కలవండి.

లైంగిక వేధింపులైతే దారి వేరు. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసేచోట ఇలాంటి ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. చిన్న సంస్థల్లోని మహిళలు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. చివరి ఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ మరో 3 నెలలు పొడిగించవచ్చు.

నిద్ర పట్టక, ఆదివారం సాయంత్రం నుంచే గుండె దడ మొదలవుతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

వెళ్లిపోవాలనుకుంటే, ఆరోగ్యం మరీ దెబ్బతింటే తప్ప, కొత్త ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే రాజీనామా ఇవ్వండి. నోటీసు 60 రోజులా, 90 రోజులా, డబ్బు కట్టి తగ్గించుకునే వీలుందా అన్నది అపాయింట్‌మెంట్ లెటర్‌లో చూడండి. ఐదేళ్ల సర్వీసుకు దగ్గర్లో ఉంటే గ్రాట్యుటీ (ఐదేళ్లు నిండి మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) లెక్క కూడా చూసుకోండి. చెప్పకుండా మానేస్తే రిలీవింగ్ లెటర్ (పని నుంచి వదిలిపెట్టినట్టు కంపెనీ ఇచ్చే పత్రం) ఆగిపోతుంది, కొత్త కంపెనీ వెరిఫికేషన్‌లో అదే అడ్డొస్తుంది. ఆఖరి రోజుకు ముందే పేస్లిప్పులు, అప్పటికే వచ్చిన ఫారం 16లు (జీతంలో కోసిన పన్ను వివరాల పత్రాలు) దించుకోండి. పీఎఫ్ ఖాతాకు సొంత ఫోన్ నంబరు ఉందో లేదో చూడండి. కంపెనీ మీ నిష్క్రమణ తేదీ నమోదు చేయకపోతే, రెండు నెలలు దాటాక ఈపీఎఫ్ఓ పోర్టల్‌లో మీరే నమోదు చేసుకోవచ్చు.