గోడకు టచ్‌స్క్రీన్: ఇంట్లో అందరూ వాడేలా పెట్టుకోవడం ఎలా?

మా ఇంట్లో మోటార్, గీజర్, వరండా లైట్లు ఫోనుకు కలిపి మూడేళ్లవుతోంది. కలిపింది నేనే, వాడిందీ నేనొక్కడినే. అమ్మ ఫోన్లో వాట్సాప్ తప్ప ఇంకోటి తెరవదు. నేను ఆఫీసులో ఉన్నప్పుడు ఫోన్ చేసి, "ఒరేయ్, ట్యాంకు పొర్లిపోతోంది, మోటార్ కట్టెయ్" అనేది. మోటార్ ఇంట్లోనే ఉంది, మనిషీ ఇంట్లోనే ఉంది. అయినా ఊరవతల ఉన్న నాకు ఫోన్ కొట్టాలి! ఈ తిప్పలు తప్పించడానికే గోడకు టచ్‌స్క్రీన్ పెట్టాను. మొదటిసారి చెడగొట్టాను, రెండోసారికి కుదిరింది. రెండుసార్ల అనుభవమూ కలిపి రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఈ స్క్రీన్ స్విచ్ బోర్డుకు బదులు కాదు. స్విచ్చులు ఎక్కడివక్కడ పనిచేస్తూ ఉండాల్సిందే. వైఫై పోయిన రాత్రి బాత్రూం లైటు వేసుకోలేని ఇల్లు స్మార్ట్ ఇల్లు అనిపించుకోదు.

1. వారం రోజులు కాగితం అంటించండి

స్క్రీన్ పెట్టాలనుకున్న చోట ఒక తెల్ల కాగితం అంటించి, పక్కన పెన్ను వేలాడదీయండి. ఇంట్లో వాళ్లు "ఇది ఇక్కడి నుంచే తెలిస్తే బాగుండు, ఇక్కడి నుంచే ఆపగలిగితే బాగుండు" అనుకున్నప్పుడల్లా రాయమనండి. మా కాగితం మీద వారానికి ఏడు పనులు తేలాయి. ట్యాంకులో నీళ్లెంత ఉన్నాయి, మోటార్, గీజర్ ఆపారా లేదా, గేటు దగ్గర ఎవరు, ఇన్వర్టర్ బ్యాటరీ ఎంత ఉంది, వరండా లైటు, పడుకునే ముందు అన్నీ ఆపేసే బటన్. మొదటిసారి నేను పెట్టిన స్క్రీన్ మీద ఇరవై నాలుగు బటన్లున్నాయి. పడగ్గది ఫ్యాను స్పీడు కూడా హాల్లోంచే మార్చొచ్చు. ఎవరు మారుస్తారు?

ఇంకో సంగతి గమనించండి. ఈ ఏడింట్లో సగం నొక్కేవి కాదు, చూసేవి. గోడ మీది స్క్రీన్‌కు నొక్కించుకోవడం కన్నా కనబడటమే పెద్ద పని.

2. ఏ రకం కొనాలి

దారులు మూడున్నాయి.

కొత్తగా విల్లా కట్టుకుంటూ, వైరింగ్ ఇంకా మొదలవకపోతే కేఎన్‌ఎక్స్ అనే వైరింగ్ పద్ధతి ఆలోచించవచ్చు. స్విచ్చులు, సెన్సర్లు, టచ్ ప్యానెళ్లు అన్నీ ఒకే పచ్చ కేబుల్ మీద, 30 వోల్టుల డీసీతో మాట్లాడుకుంటాయి. వైఫైతో పని లేదు. చాలా కంపెనీలు ఒకే ప్రమాణంతో తయారుచేస్తాయి కాబట్టి ఒకరి ప్యానెల్ పోతే ఇంకొకరిది పెట్టుకోవచ్చు. కానీ ఖర్చు బాగా ఎక్కువ, సెట్ చేయడానికి శిక్షణ పొందినవాళ్లు రావాలి. ఉంటున్న ఫ్లాటులో గోడలు పగలగొట్టి దీన్ని వేయించుకోమని నేను చెప్పను.

రెండోది, స్విచ్ బోర్డు స్థానంలోనే కూర్చునే చిన్న ప్యానెల్. సోనాఫ్ ఎన్‌ఎస్‌ప్యానెల్ లాంటివి. మూడున్నర అంగుళాల స్క్రీన్, లోపలే రెండు రిలేలు, అంటే ప్యానెల్ చెబితే కరెంటు ఆన్, ఆఫ్ చేసే చిన్న స్విచ్చులు. ఒక గదికి బాగుంటుంది. అయితే రెండు చూసుకోవాలి. ఇవి నడవాలంటే బోర్డులో న్యూట్రల్ వైరు కావాలి. మన పాత ఇళ్లలో చాలా స్విచ్ బోర్డుల్లోకి ఫేజు మాత్రమే వస్తుంది, న్యూట్రల్ పైనుంచే లైటుకు వెళ్లిపోతుంది. ఎలక్ట్రీషియన్‌తో బోర్డు విప్పించి చూశాకే ఆర్డర్ పెట్టండి. రెండోది సైజు. బయటి దేశాల బాక్సులకు చేసిన ప్యానెళ్లు మన మాడ్యులర్ బాక్సుల్లో ఇమడకపోవచ్చు, అందుకే టేపుతో పొడవు, వెడల్పు, లోతు మూడూ కొలవండి. అలాగే ఈ రిలేలు లైట్లు, ఫ్యాన్ల కోసమే. రెండు వేల వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, మూడు వేలదైతే 13. గీజర్‌కు, మోటార్‌కు వేరే కాంటాక్టర్ (ఎక్కువ కరెంటు తట్టుకునే పెద్ద రిలే) పెట్టి, ప్యానెల్‌తో దాన్ని మాత్రమే నడిపించాలి.

మూడోది, నేను ఎంచుకున్నది, ఎక్కువమందికి సరిపోయేది: మామూలు ఆండ్రాయిడ్ ట్యాబ్, వెనక హోమ్ అసిస్టెంట్. ఇంటి పరికరాలన్నిటినీ ఒకేచోట నుంచి నడిపించడానికి 2013లో పౌలస్ షౌట్సెన్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. రాస్ప్‌బెరీ పై అనే అరచేతంత కంప్యూటర్ మీదో, మూలన పడున్న పాత మినీ కంప్యూటర్ మీదో నడుస్తుంది. ఇంట్లోని సమాచారం ఇంట్లోనే ఉంటుంది. నెట్ పోయినా, ఇంట్లోనే మాట్లాడుకునే పరికరాలు వాడితే బటన్లు పనిచేస్తూనే ఉంటాయి.

ట్యాబ్ కొనేటప్పుడు 8 నుంచి 10 అంగుళాలు చాలు. ఐపీఎస్ స్క్రీన్ తీసుకోండి, పక్కనుంచి చూసినా రంగు మారదు. ఓఎల్ఈడీ వద్దు. ఒకే బొమ్మ ఏడాదంతా అలాగే ఉంటే దాని మచ్చ స్క్రీన్‌లో ఉండిపోతుంది. 3 జీబీ ర్యామ్‌కు తగ్గకూడదు. డ్రాయర్లో పాత ట్యాబ్ ఉంటే దాంతోనే మొదలుపెట్టవచ్చు. ఒక్క షరతు, బ్యాటరీ ఉబ్బి ఉండకూడదు. ఆ కథ తర్వాత చెబుతాను.

3. చోటు, ఎత్తు

స్క్రీన్ మధ్యభాగం నేలనుంచి నాలుగున్నర, ఐదడుగుల మధ్య ఉంటే నిలబడి చూడటానికి హాయి. ఇంట్లో వీల్‌చైర్ వాడేవాళ్లుంటే నాలుగడుగులకు దించండి. అట్టముక్కను ట్యాబ్ సైజులో కత్తిరించి, టేపుతో అంటించి రెండు రోజులు చూడండి. మా ఇంట్లో నేను అనుకున్న ఎత్తు నాకు సరిపోయింది, అమ్మకు ట్యూబ్‌లైటు వెలుగు స్క్రీన్ మీద పడి ఏమీ కనబడలేదు. మూడంగుళాలు దించాం.

పడమటి కిటికీ ఎదురుగా వద్దు. సాయంత్రం ఎండకు స్క్రీన్ కనబడదు, ఎండాకాలంలో ట్యాబ్ కాలిపోతుంది. వంటగదిలో పొయ్యి పక్కన వద్దు, తాలింపు జిడ్డు పట్టేస్తుంది. తడి చేత్తో నొక్కితే ఈ స్క్రీన్లు తికమకపడతాయి కూడా. ముందు గది నుంచి లోపలికెళ్లే దారిలో, చెప్పులు విడిచి రెండడుగులు వేసేచోట పెట్టడం మేలు. డ్రిల్ చేసేముందు గోడ అవతల ఏముందో చూడండి. బాత్రూం ఉంటే పైపులుంటాయి. స్విచ్ బోర్డుకు సూటిగా పైనా కిందా వైర్ల పైపు వెళ్తుంటుంది.

4. కరెంటు: అసలు కష్టం ఇక్కడే

గోడమీంచి వేలాడే తెల్ల వైరు ఎంత మంచి స్క్రీన్‌నైనా పాడుచేస్తుంది. మూడు మార్గాలు.

దగ్గర్లో ప్లగ్ ఉంటే సన్నటి కేసింగ్ పట్టీ వేసి అందులోంచి కేబుల్ తెచ్చుకోవచ్చు. అద్దె ఇంటికి ఇదే ఉత్తమం. కేబుల్ రెండు మీటర్లు మించనివ్వకండి. పొడవాటి సన్న కేబుల్లో 5 వోల్టులు దారిలోనే తగ్గిపోయి, ట్యాబ్ 'చార్జింగ్' అని చూపిస్తూనే సాయంత్రానికి ఆరిపోతుంది.

సొంతిల్లయితే గోడకు గాడి కొట్టించి, ట్యాబ్ వెనక లోతైన బాక్సు పెట్టించి, పక్కబోర్డు నుంచి 230 వోల్టులు తెప్పించి అందులో చార్జర్ కూర్చోబెట్టొచ్చు. ఈ పని ఎలక్ట్రీషియన్‌ది, ఎంసీబీ ఆపి చేయాల్సింది. బాక్సులో గాలి ఆడాలి, చార్జర్ పేరున్నదై ఉండాలి. నెట్ కేబుల్, కరెంటు వైరు ఒకే పైపులో వేయనివ్వకండి. మేస్త్రీలు "ఏం కాదు సార్" అంటారు, వినొద్దు.

ఇంట్లో నెట్ కేబుళ్లు ముందే వేసుంటే పీఓఈ అన్నిటికన్నా శుభ్రమైన దారి. ఒకే నెట్ కేబుల్లో కరెంటు కూడా వస్తుంది. మామూలు రకంలో పరికరానికి దాదాపు 13 వాట్లు అందుతాయి, ట్యాబ్‌కు అది ఎక్కువే. ట్యాబ్ వెనక, నెట్ కేబుల్లోంచి కరెంటును విడదీసి 5 వోల్టులిచ్చే స్ప్లిటర్ పెట్టాలి. పీఓఈ స్విచ్‌ను ఇన్వర్టర్ లైను మీద ఉంచితే కరెంటు పోయినా స్క్రీన్ పోదు.

బిల్లు గురించి టెన్షన్ వద్దు. సగటున 5 వాట్లనుకుంటే నెలకు మూడున్నర యూనిట్లు.

ఇక బ్యాటరీ. మొదటి ట్యాబ్‌ను ఇరవై నాలుగు గంటలూ చార్జర్‌కే తగిలించి వదిలేశాను. ఎనిమిదో నెలలో స్క్రీన్ మధ్యలో పసుపు మరక లాంటిది కనబడింది. జిడ్డనుకుని తుడిచాను, పోలేదు. పక్కనుంచి చూస్తే అద్దానికీ ఫ్రేముకూ మధ్య గోరు పట్టేంత సందు. లోపల బ్యాటరీ అప్పడంలా ఉబ్బి అద్దాన్ని ముందుకు తోస్తోంది. ఎప్పుడూ నూరు శాతం మీద, వేడిలో ఉంచితే లిథియం బ్యాటరీకి పట్టే గతి ఇదే. అలా కనిపిస్తే వెంటనే చార్జర్ తీసేయండి. నొక్కొద్దు, పొడవొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.

రాకుండా చూసుకోవడం తేలికే. చార్జర్‌ను స్మార్ట్ ప్లగ్‌కు తగిలించి, బ్యాటరీ 30 శాతానికి దిగితే ఆన్, 75కు చేరితే ఆఫ్ అయ్యేలా హోమ్ అసిస్టెంట్‌లో రెండు ఆటోమేషన్లు రాయండి. సామ్‌సంగ్ ట్యాబులు చాలావాటిలో 80 లేదా 85 శాతం దగ్గర చార్జింగ్ ఆపేసే సెట్టింగు ఉంది. అదుంటే ప్లగ్ కూడా అక్కర్లేదు.

5. బిగించడం

పలచటి అయస్కాంతపు మౌంటు గానీ, చెక్క ఫ్రేము గానీ వాడండి. ట్యాబ్ చేత్తో ఊడదీయగలిగేలా ఉండాలి, ఎందుకంటే ఏదో ఒక రోజు రీస్టార్ట్ బటన్ నొక్కాల్సి వస్తుంది. గోడకు రాల్‌ప్లగ్‌లు వేసి స్క్రూలు బిగించండి. డబుల్ టేపు మీద నమ్మకం పెట్టుకుంటే లప్పంతో సహా ఊడొస్తుంది. కేబుల్ కొన ఎల్ ఆకారంలో వంగి ఉన్నది కొనండి.

6. సెట్టింగులు

రౌటర్లో హోమ్ అసిస్టెంట్ ఉన్న పెట్టెకు ఐపీ అడ్రస్ మారకుండా రిజర్వ్ చేయండి. ఇది మర్చిపోతే రౌటర్ రీస్టార్ట్ అయిన రోజు స్క్రీన్ తెల్లబోతుంది. హోమ్ అసిస్టెంట్‌లో గోడ స్క్రీన్ కోసం వేరే యూజర్‌ను సృష్టించి, అడ్మిన్ హక్కు తీసేసి, ఇంటి నెట్‌వర్క్ నుంచి మాత్రమే లాగిన్ అయ్యేలా టిక్ పెట్టండి. ట్యాబ్‌లో మీ సొంత జీమెయిల్ పెట్టకండి. వచ్చినవాళ్లందరికీ మీ మెయిళ్లు చూపించినట్టవుతుంది.

తర్వాత ట్యాబ్‌లో ఫుల్లీ కియోస్క్ బ్రౌజర్ అనే యాప్ వేయండి. డాష్‌బోర్డు (మన బటన్లుండే పేజీ) తప్ప ఇంకేదీ తెరుచుకోకుండా చేస్తుంది. డబ్బు కట్టే వెర్షన్‌లో ముందు కెమెరాతో మనిషి కదలిక పసిగట్టి స్క్రీన్ వెలిగించే సదుపాయం ఉంది. కెమెరా ఇష్టం లేకపోతే దాని మీద నల్ల టేపు అంటించి, గోడకు చిన్న మోషన్ సెన్సర్ పెట్టి అదే పని చేయించండి. నేను టేపు పార్టీ.

బటన్ల పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. నేను మొదట "మోటార్ స్విచ్" అని పెట్టాను. అమ్మ అడిగితే "నీళ్లు" అని మార్చాను, కింద ట్యాంకు శాతం. ఒక తెరకు ఆరేడు మించకుండా, వేలు మొత్తం పట్టేంత పెద్దగా పెట్టండి. మోటార్, గీజర్ లాంటివి తగలగానే ఆన్ అవకుండా, నొక్కి పట్టుకుంటేనే పనిచేసేలా మార్చండి.

ఈ చివరి మాట నాకెలా తెలిసిందంటే, పండగ ముందు ఇల్లు దులుపుతూ మా ఆవిడ తడిగుడ్డతో స్క్రీన్ తుడిచింది. మోటార్ ఆన్ అయింది, వరండా లైట్లు రెండుసార్లు వెలిగి ఆరాయి, గీజర్ వేడెక్కడం మొదలుపెట్టింది. ఇప్పుడు మూలన "తుడుస్తున్నాను" అని ఒక చిన్న బటన్ ఉంది. నొక్కితే నిమిషం పాటు నల్లటి పేజీ వస్తుంది, దాని మీద ఎంత రుద్దినా ఏమీ జరగదు. మా ఇంట్లో అందరూ తప్పకుండా వాడే బటన్ అదొక్కటే.