ఆఫీసు కాపీయర్ మొరాయిస్తే: కాగితం ఎక్కడ ఆగిందో సరే, ఎందుకు ఆగింది?

పేపర్ జామ్ అని ఫోన్ వస్తుంది. నేను వెళ్లేసరికి మిషన్ తలుపులన్నీ బార్లా తెరిచి ఉంటాయి. ట్రే కుర్చీలో ఉంటుంది. చేతులు నల్లగా చేసుకున్న ఒకాయన "బొమ్మలో చూపించిన చోటే చూశామండీ, అక్కడ కాగితమే లేదు" అంటారు. అబద్ధమేం కాదు. డిస్‌ప్లే మీద వచ్చే బొమ్మ, కాగితం ఏ సెన్సర్ దగ్గరికి టైముకి రాలేదో, లేదా ఏ సెన్సర్‌ని దాటి పోలేదో చెబుతుంది. అంతే. ఎందుకన్నది మనమే వెతుక్కోవాలి.

అన్నిటికన్నా చెత్త మిషన్ ఏదని అడుగుతుంటారు. పాతదే అయ్యుంటుందని అనుకుంటారు గానీ, పాత మిషన్‌తో నాకు గొడవ లేదు. దాంట్లో ఏది ఎప్పుడు అరుగుతుందో తెలుసు. నన్ను ఏడిపించేవి వేరే. వేడితో అక్షరాల్ని కాగితానికి అతికించే ఫ్యూజర్ తీయాలంటే సగం మిషన్ విప్పించే చిన్న ఆల్ ఇన్ వన్‌లు ఒక రకం. ఏది దొరికితే ఆ టోనర్ పొడి పోసినవి ఇంకో రకం. వాటన్నిటినీ మించింది, అంతస్తంతా వాడుకుంటూ ఎవరూ నాదనుకోని మిషన్. ఇరుక్కున్న కాగితాన్ని సగం చింపి లాగేసి, మిగతా సగాన్ని తర్వాత వచ్చేవాళ్లకి వదిలి వెళ్లిపోతారు.

ట్రే లోంచి కాగితం రావడం లేదు, లేదా రెండు మూడు కలిసి వస్తున్నాయి

నూటికి తొంభై సార్లు కాగితాన్ని ట్రే లోంచి లాగే పికప్ రోలరే అని చెప్పేవాణ్ని, కానీ ముందు కాగితం చూడండి. కట్ట విప్పి రోజుల తరబడి మిషన్ పక్కనే పడేస్తే అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. షీట్లు ఒకదానికొకటి అతుక్కుని జంటగా వస్తాయి, లోపలికెళ్లాక ముడతలు పడతాయి. కొత్త కట్ట విప్పి, ఒకసారి విసనకర్రలా విదిలించి పెట్టి చూడండి. ట్రేలో గీత దాటి నింపకండి. పక్క గైడ్లు కాగితానికి ఆనేలా జరపండి, వదులుగా ఉంటే కాగితం ఏటవాలుగా పోతుంది.

అప్పటికీ రాకపోతే రోలర్. రబ్బరు మీద కాగితం పొడి పేరుకుని నున్నగా మెరుస్తుంటే పట్టు పోయినట్టే. పోగులు ఊడని గుడ్డని నీళ్లతో కొంచెం తడిపి తిప్పుతూ తుడవండి. మెరుపు పోకపోతే మార్చాల్సిందే. గరుకు కాగితంతో రుద్దే చిట్కా ఉంది, నేనూ చేశాను. స్పేర్ వచ్చేదాకా నెట్టుకురావడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. మార్చేటప్పుడు పికప్, దాన్ని ముందుకి తోసే ఫీడ్, రెండో కాగితాన్ని ఆపే సెపరేషన్, మూడు రోలర్లూ కలిపి మార్చండి. కొత్త రోలర్ పక్కన అరిగిన సెపరేషన్ రోలర్ ఉంటే, రాని కాగితం కాస్తా ఈసారి రెండేసి రావడం మొదలవుతుంది.

లోపల ఏమీ లేదు, అయినా జామ్ అంటోంది

బయటికి తీసిన కాగితం ముక్కల్ని బల్ల మీద పెట్టి అతికించి చూడండి. మూల తగ్గిందా? ఆ మూల లోపలే ఉంది. గోరంత ముక్క చాలు, సెన్సర్‌ని కప్పేయడానికి.

ముక్కలన్నీ సరిపోతే సెన్సర్ మీటని చూడాలి. కాగితం దారిలో అక్కడక్కడా చిన్న నల్ల ప్లాస్టిక్ మీటలు కనిపిస్తాయి. కాగితం తగిలితే మీట పక్కకి జరుగుతుంది, దాని రెండో కొస సెన్సర్‌లో వెలుతురుకి అడ్డం వస్తుంది లేదా తప్పుకుంటుంది. కాగితం అక్కడ ఉందని మిషన్‌కి అలాగే తెలుస్తుంది. స్విచ్ ఆపి, టార్చ్ వేసి, మీటని వేలితో మెల్లగా నొక్కి వదలండి. వెంటనే వెనక్కి రావాలి. రాకపోతే స్ప్రింగ్ ఊడింది, లేదా మీట విరిగింది. ఎవరో కాగితాన్ని వచ్చిన దారికి ఎదురుగా బలంగా లాగి ఉంటారు. కాగితాన్ని ఎప్పుడైనా అది వెళ్లే వైపుకే, రెండు చేతులతో, సమంగా లాగాలి.

పేజీ పొడవునా నల్ల గీత

దీని మీద తగలేసినంత డబ్బు దేని మీదా తగలేయరు. ఒక ఆఫీసులో గీత పోవాలని, లోపల టోనర్‌తో బొమ్మ తయారయ్యే డ్రమ్‌నే మార్పించారు. పోలేదు. ఇంకో డ్రమ్ తెప్పించే ముందు నన్ను పిలిచారు. తీరా చూస్తే స్కానర్ గ్లాసు మీద ఎండిపోయిన వైట్‌నర్ చుక్క. గోటితో గీకితే ఊడొచ్చింది.

ముందు ఈ పరీక్ష చేయండి. అదే కాగితాన్ని ఒకసారి పైన ఫీడర్‌లో పెట్టి, ఒకసారి మూత ఎత్తి గ్లాసు మీద పెట్టి కాపీ తీయండి. ఫీడర్ కాపీలోనే గీత ఉంటే, పెద్ద గ్లాసు పక్కన వేలెడు వెడల్పున్న సన్నని గ్లాసు పట్టీ మురికైంది. ఫీడర్‌లో పెట్టినప్పుడు స్కానర్ కదలదు, కాగితమే ఆ పట్టీ మీదుగా పోతుంది. కాబట్టి పట్టీ మీద సూది మొనంత చుక్క ఉన్నా కాగితం పొడవునా గీత అవుతుంది. పెద్ద గ్లాసు మీద కాగితం కదలదు, స్కానరే కదులుతుంది. అక్కడ చుక్క చుక్కగానే పడుతుంది. పట్టీని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి. పోకపోతే గోటితో తడిమి చూడండి, కంటికి కనపడనిది గోటికి తగులుతుంది. బ్లేడు మాత్రం వద్దు.

రెండు రకాల కాపీల్లోనూ గీత ఉంటే కంప్యూటర్ నుంచి ఒక ప్రింట్ ఇవ్వండి. ప్రింట్ శుభ్రంగా వస్తే తప్పు స్కానర్‌దే. ప్రింట్‌లోనూ గీత వస్తే డ్రమ్, దాన్ని తుడిచే బ్లేడ్, లేదా డ్రమ్‌కి కరెంటు చార్జి ఇచ్చే వైరో రోలరో. కొన్ని మిషన్లలో ఆ వైర్‌ని తుడవడానికి లాగే పుల్ల ఒకటి ఉంటుంది. దాన్ని మెల్లగా చివరిదాకా లాగి తోయండి, నాలుగైదు సార్లు. డ్రమ్ మీద గీత గోటి గాటులా కనిపిస్తే మార్చడమే. కాగితానికున్న పిన్ తీయకుండా ట్రేలో పెట్టారా అని అడిగితే అందరూ లేదనే అంటారు. డ్రమ్‌ని వెలుతురులో ఉంచకండి, చేత్తో ముట్టకండి, ఆల్కహాల్ తగలనివ్వకండి.

గీత నల్లగా కాక తెల్లగా ఉంటే లేజర్ అద్దం మీద దుమ్ము ఉందేమో ముందు చూడాలి.

ఒకే దూరంలో మళ్లీ మళ్లీ పడే మచ్చ

స్కేలు తీసుకోండి. మచ్చకీ మచ్చకీ మధ్య దూరం ఏదో ఒక రోలర్ చుట్టుకొలత. 30 మి.మీ. వ్యాసం ఉన్న డ్రమ్ అయితే 94 మి.మీ.కి ఒకసారి, 24 మి.మీ.ది అయితే 75కి ఒకసారి పడుతుంది. మీ మిషన్ సర్వీస్ మాన్యువల్‌లో ఏ రోలర్ ఎంతో పట్టిక ఉంటుంది. పెద్ద మిషన్లలో ఒక మెలిక ఉంది. డ్రమ్ వ్యాసం 84 మి.మీ. అనుకుంటే దూరం 264. అడ్డంగా వెళ్లే A4 మీద, అంటే 210 మి.మీ.లో, మచ్చ ఒక్కసారే కనిపిస్తుంది, ఒక్కోసారి అసలు కనిపించదు. అప్పుడు A3 మీద తీసి కొలవండి.

అక్షరాలు వేలికి అంటుకుంటున్నాయి

టోనర్ ప్లాస్టిక్ పొడి. దాన్ని కరిగించి కాగితానికి అతికించేది ఫ్యూజర్. లోపల దాదాపు 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వేడి ఉంటుంది. దళసరి కాగితం పెట్టి సెట్టింగ్ 'మామూలు' అని వదిలేస్తే ఆ వేడి చాలదు. పేపర్ టైప్ మార్చి చూడండి, సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. తీరకపోతే ఫ్యూజర్‌లో ఫిల్మ్, హీటర్, ప్రెషర్ రోలర్‌లలో ఏదో పాడైనట్టే. అది మీరు ఇంట్లో మిక్సీ విప్పినట్టు విప్పేది కాదు.

ఫ్యూజర్ ఎర్రర్ కోడ్ వస్తే మెకానిక్‌ల కోసం ఉండే సర్వీస్ మోడ్‌లోకెళ్లి దాన్ని చెరిపేయడం ఎలాగో నేర్చుకుని గర్వంగా చెప్పేవాళ్లు ఉంటారు. వేడి ఉండాల్సిన హద్దులో లేదని మిషన్ తనంతట తాను తాళం వేసుకుంది. కారణం చూడకుండా ఆ తాళం తీయడం నిప్పుతో ఆటే. వేడిని కొలిచే థర్మిస్టర్ మీద టోనర్ గడ్డకడితే అది అసలు వేడిని చదవలేదు, హీటర్ ఇంకా వేడెక్కుతూ పోతుంది. 1959లో మార్కెట్లోకి వచ్చిన జిరాక్స్ 914తో పాటు చిన్న మంటలార్పే సిలిండర్ కూడా ఇచ్చేవారు, లోపల ఇరుక్కున్న కాగితం కాలొచ్చని. దానికి వాళ్లు పెట్టిన ముద్దుపేరు 'స్కార్చ్ ఎలిమినేటర్'.

ఇంక్‌జెట్ కోసం చేసిన ట్రాన్స్‌పరెన్సీ షీట్లు, సగం స్టిక్కర్లు పీకేసిన లేబుల్ షీట్లు పెట్టకండి. కరిగి రోలర్‌కి చుట్టుకుంటాయి. చుట్టుకున్నదాన్ని స్క్రూడ్రైవర్‌తో గీకిన రోజున ఫ్యూజర్ మొత్తం మార్చాలి.

పాలిపోయిన కాపీ, లేదా వెనకంతా బూడిద రంగు

పాలిపోతే ముందు టోనర్ సేవ్ ఆన్‌లో ఉందేమో చూడండి. నవ్వకండి, చాలాసార్లు అదే. తర్వాత కాట్రిడ్జ్‌ని బయటికి తీసి అటూ ఇటూ ఊపి పెట్టండి.

తెల్లగా ఉండాల్సిన చోట బూడిద కమ్మితే డ్రమ్ గానీ, టోనర్‌ని డ్రమ్ దాకా మోసే డెవలపర్ పొడి గానీ అయిపోయింది, లేదా ఎవరో వేస్ట్ టోనర్ డబ్బా ఖాళీ చేసి ఆ పొడినే మళ్లీ లోపల పోశారు. వృథా ఎందుకని. ఆ పొడిలో కాగితం దుమ్ము కలిసి ఉంటుంది, అది డెవలపర్‌ని కూడా చెడగొడుతుంది. పొడి ఒలికితే మామూలు వ్యాక్యూమ్ పెట్టకండి, దాని ఫిల్టర్‌లోంచి దూరి గదంతా చిమ్ముతుంది. బట్టల మీద పడితే దులిపి చన్నీళ్లతో కడగండి. వేడినీళ్లు పోస్తే అక్కడే అతుక్కుపోతుంది.

నన్ను పిలిచే ముందు

పాడైన కాపీని పారేయకండి, దాని మీద ఏ వైపు ముందు బయటికి వచ్చిందో పెన్నుతో బాణం గీసి ఉంచండి. ఎర్రర్ నంబర్ రాసుకుని అప్పుడు స్విచ్ ఆపండి. ఫీడర్‌లోనా, గ్లాసు మీదా, ప్రింట్‌లోనా, ఏ ట్రే నుంచి అనేది ఫోన్‌లోనే చెప్పండి. అది తెలిస్తే సరైన స్పేర్ బ్యాగులో వేసుకుని వస్తాను. తెలియకపోతే వచ్చి చూసి, మళ్లీ వెళ్లి, మర్నాడు వస్తాను.