ఎన్నికల ప్రతిపాదన చదవడం ఎలా? 4వ పాఠం: ముందు ఓటరు ఎవరో చూడండి

పోయినసారి అభ్యాసంలో చాలామంది ఒకేచోట తడబడ్డారు. 1995 హాంకాంగ్ శాసనసభలో 60 సీట్లకీ ఎన్నికలే జరిగాయి కాబట్టి జనమే 60 మందినీ ఎన్నుకున్నారని రాసేశారు. కాదండీ. అందుకే అనుకున్న పాఠం ఆపి దీని మీదే కూర్చుందాం.

అప్పట్లో హాంకాంగ్ బ్రిటన్ పాలనలో ఉంది, దాన్ని 1997లో చైనాకి అప్పగించాలని 1984లో ఒప్పందమైంది, ఇవన్నీ మీకు తెలిసినవే, వదిలేస్తున్నా. 1992 అక్టోబరులో అక్కడి బ్రిటిష్ గవర్నర్ క్రిస్ ప్యాటెన్ పెట్టిన ప్రతిపాదనలో సీట్ల లెక్క కొత్తదేం కాదు. ప్రాంతాల వారీగా 20, వృత్తి నియోజకవర్గాలకి (అంటే ఒక్కో వృత్తి, వ్యాపారం వాళ్లు ఓటేసే సీట్లు) 30, ఎన్నికల కమిటీకి 10, ఇది 1990లోనే చైనా ఖాయం చేసిన లెక్క. ఆయన మార్చింది ఓటేసేవాళ్లని. మీరేమో సీట్లు కూడుకుంటూ పోయారు, ఓటరు వైపు చూడలేదు.

హోటల్లో టీ అందించే సర్వర్‌ని తీసుకోండి. 1991లో వృత్తి సీట్లలో లాయర్లు, డాక్టర్లు, బ్యాంకులు ఉన్నాయి, కొన్నింట్లో ఓటు మనిషికి కాదు, కంపెనీకి! సర్వర్‌కి అక్కడ చోటే లేదు. ప్యాటెన్ 9 కొత్త వర్గాలు తెచ్చి పనిచేసేవాళ్లందరినీ, దాదాపు 27 లక్షల మందిని, వాటిలోకి తెచ్చారు, కంపెనీ ఓటు తీసేసి మనుషులకే ఇచ్చారు. దాంతో 1995లో సర్వర్‌కి ప్రాంతానికొకటి, పనికొకటి, రెండు ఓట్లు వచ్చాయి. చైనా ఒప్పుకోలేదు, 1997 జులై 1న ఆ సభ పోయి తాత్కాలిక సభ వచ్చింది. 1998లో మళ్లీ ఎన్నికలు పెడితే లెక్క అదే 20, 30, 10, కానీ ఆ 9 వర్గాలు లేవు, కంపెనీ ఓటు తిరిగొచ్చింది, సర్వర్ రెండో ఓటు పోయింది. అంకెలు మాత్రమే చూసినవాళ్లకి ఈ నష్టం కనిపించదు, నాకు బాధ అక్కడే.

1995లో ఎన్నికల కమిటీ 10 సీట్లు మన స్థానిక సంస్థల ఎమ్మెల్సీ లాంటివే, జనం గెలిపించిన జిల్లా బోర్డు సభ్యులు ఓటేశారు. 1998లో ఆ ఓట్లు 800 మంది ఉన్న కమిటీ వేసింది.

నేనైతే ఏ బిల్లయినా ఓటరు అర్హత ఉన్న పేజీ నుంచే మొదలుపెడతా. మా ఇంట్లో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు నాకుంది, పది చదివిన అమ్మకి లేదు, ఇదీ అర్హత పేజీలోనే తేలుతుంది.

అభ్యాసం: మీ ఇంట్లో 18 దాటిన ప్రతి ఒక్కరినీ, వాళ్ల పని మార్చకుండా, 1991, 1995, 1998 హాంకాంగ్‌లో పెట్టి ఎవరికెన్ని ఓట్లో రాయండి. 1991లో ఓటు వయసు 21. ఇంట్లో టీచరుంటే జాగ్రత్త, వాళ్లకి 1991లోనే సొంత వర్గం ఉంది.