"బాగుందండీ" అని పెట్టేసి వెళ్ళిపోతున్నారా? చేతిపని వ్యాపారంలో మీ తేడా ఎక్కడుందో వెతుక్కోండిలా

మాది ఏటికొప్పాక వైపు చిన్న షెడ్డు. కర్రని తిప్పుతూ చెక్కే రెండు లేతు మిషన్లు, లక్క బొమ్మలు, కుంకుమ భరిణెలు, లక్కపిడతలు. వాట్సాప్ ఆర్డర్లు మా ఆవిడ చూసుకుంటుంది. కింద రాసినవన్నీ నాలుగేళ్ళుగా మేం పడ్డ తిప్పలే. మీరు చేసేది కలంకారీ సంచులైనా మట్టి గాజులైనా చాలావరకు పనికొస్తాయి. మీ సమస్య ఏదో చూసుకుని నేరుగా అక్కడికి వెళ్ళిపోండి, అన్నీ చదవక్కర్లేదు.

సమస్య: చేతిలోకి తీసుకుంటారు, బాగుందంటారు, ధర అడుగుతారు, "ఆన్‌లైన్‌లో సగానికే వస్తోంది కదా" అని పెట్టేస్తారు.

ఇక్కడ అందరం ముందు చేసే పని ధర తగ్గించడం. నేనూ చేశా. 350 రూపాయల భరిణె 250కి ఇస్తే అమ్మకం పెరగలేదు సరికదా, బేరం 200 నుంచి మొదలైంది. కారణం ధర కాదు. టేబుల్ మీద పెట్టి చూస్తే నా భరిణెకీ, ఫ్యాక్టరీలో పెయింటు కొట్టిన చెక్క డబ్బాకీ కొనేవాళ్ళ కంటికి తేడా కనిపించట్లేదు. రెండూ ఎర్రగా, గుండ్రంగా, మెరుస్తూనే ఉన్నాయి. తేడా ఉన్నది చేసే పద్ధతిలో, దాన్నేమో నేను షెడ్డులోనే వదిలేసి వస్తున్నా.

మా పని ఎలా ఉంటుందంటే, అంకుడు అనే మెత్తటి కర్ర మిషన్ మీద తిరుగుతూ ఉంటుంది, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనించి నొక్కితే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది, కాకపోతే అప్పటికింకా గరుగ్గా, చారలు చారలుగానే ఉంటుంది. వెంటనే మొగలి రేకు మడిచి దాని మీద అదుముతాం. చూస్తుండగానే చారలన్నీ కలిసిపోయి అద్దంలా తేలుతుంది. బ్రష్షు లేదు, వార్నిష్ లేదు. నాకిది రోజూ ఉండేదే, చెప్పుకోవాల్సిన సంగతని ఏనాడూ తట్టలేదు. ఒకసారి విశాఖలో ఎగ్జిబిషన్ పెడితే ఓ పెద్దాయన "ఈ మెరుపు దేంతో తెస్తారు బాబూ" అని అడిగారు. ఫోన్లో ఇరవై సెకన్ల వీడియో ఏదో ఉంటే చూపించా. మళ్ళీ పెట్టమన్నారు. వెనకున్నవాళ్ళు తొంగి చూశారు. ఆ సాయంత్రం బేరం లేకుండా ఏడు భరిణెలు వెళ్ళాయి, పాత ధరకే.

పరిష్కారం: ఒక నోటుబుక్కు పెట్టుకుని నెల రోజులు కొనేవాళ్ళు అడిగిన ప్రతి ప్రశ్నా వాళ్ళ మాటల్లోనే రాయండి. పొగడ్తలు రాయొద్దు, అవి ఊరికే వస్తాయి. ముగ్గురు నలుగురు ఒకే ప్రశ్న అడిగారంటే వాళ్ళు వెతుకుతున్నది అదే. మా పుస్తకంలో రెండు తేలాయి. ఒకటి ఈ మెరుపు. రెండోది "పాప నోట్లో పెట్టుకుంటే ఏం కాదా?"

ఈ రెండో దాని దగ్గర నోరు జాగ్రత్త. పసుపు, నీలిమందు, ఎర్ర రంగిచ్చే జాఫ్రా గింజలతో రంగు చేస్తున్నామని చెప్పుకోవచ్చు, నిజంగా చేస్తుంటేనే. ఒక్క రంగు బజారులో కొన్నదైనా ఆ మాట చెప్పేయండి. "ఏమీ కాదండీ" అని భరోసా ఇవ్వాలంటే సీసం లాంటివి లేవని ల్యాబ్ రిపోర్టు చేతిలో ఉండాలి. పిల్లల బొమ్మలకి 2021 జనవరి నుంచి బీఐఎస్ ముద్ర (ప్రభుత్వ నాణ్యతా ముద్ర) తప్పనిసరి, హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్మేవాటికి మినహాయింపు ఉంది. మినహాయింపు ఉంది కదా అని పరీక్ష మానేస్తే మాత్రం, ఆ తల్లి అడిగిన ప్రశ్నకి మీ దగ్గర జవాబు లేనట్టే.

సమస్య: బోర్డు మీద "చేతితో చేసినవి, నాణ్యమైనవి, సరసమైన ధరలు" అని రాయించాం, ఒక్కరూ ఆగట్లేదు.

ఆ బోర్డు పక్క స్టాలు మీద పెట్టి చూడండి. అక్కడా సరిపోయిందా? అయితే అది మీ బోర్డు కాదు. జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, దాని సంగతీ ఇంతే. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో వచ్చింది, సహజ రంగుల పని మళ్ళీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది, 2025 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద కూడా ఈ బొమ్మలే. మంచిదే, వెతికేవాళ్ళు పెరిగారు. కానీ అదంతా ఊరి గొప్పతనం. ప్లాస్టిక్ బొమ్మ నుంచి ఊరిని వేరు చేస్తుందే గానీ పక్కింటి షెడ్డు నుంచి నన్ను వేరు చెయ్యదు. అందుకే బోర్డు మార్చాం: "అంకుడు కర్ర. లక్క. మొగలి రేకు మెరుపు. ఎలాగో అడగండి, చూపిస్తాం." అడుగుతున్నారు.

సమస్య: కొత్త డిజైన్ పెట్టిన వారానికే ఇంకొకరి పేజీలో కనిపిస్తోంది.

కడుపు మండుతుంది, తెలుసు. నేనూ రెండు రాత్రులు నిద్రపోలేదు, ఒకరికి ఫోన్ చేసి గొడవ కూడా పెట్టుకున్నా, ఏం లాభం లేదు. ఫోటోలో కనిపించేది ఏదైనా కాపీ అవుతుంది. ఫోటోలో కనపడని చోట పని పెట్టండి. మాకది భరిణె మూత. పచ్చి కర్రతో చేస్తే కొన్నాళ్ళకి కర్ర ఆరి కుంచించుకుని మూత వదులైపోతుంది, వానాకాలం వస్తే బిగుసుకుని రాదు. బాగా ఆరబెట్టిన కర్రలో మూతా అడుగూ ఒకే ముక్కలోంచి తీస్తే సన్నటి చప్పుడుతో కూర్చుంటుంది. ఆ చప్పుడు కొనేవాళ్ళకి వినిపించాలి, కాబట్టి మూత తీసి వాళ్ళ చేతికే ఇచ్చి పెట్టమనండి.

సమస్య: నలభై రకాలు పెట్టాం, ఏదీ కదలట్లేదు.

తగ్గించండి. మేం పన్నెండుకి వచ్చాం. కీ చైన్లు తీసేసిన రోజు మా ఆవిడ నాతో మాట్లాడలేదు, ఎందుకంటే రోజువారీ చిల్లర వాటితోనే వచ్చేది. ఆ చిల్లర రాకపోవడం మొదటి రెండు నెలలు నిజంగానే కష్టం, దానికి సిద్ధపడే చెయ్యండి.

సమస్య: "రంగు వెలిసింది, మోసం" అని ఫిర్యాదు.

పసుపుతో చేసిన రంగు ఎండలో వెలుస్తుంది. అమ్మేటప్పుడే చెప్పకపోవడం మన తప్పు. ఇప్పుడు ప్రతి డబ్బాలో ఓ చీటీ వేస్తున్నాం: "ఇది చెట్టు రంగు, కిటికీ దగ్గర పెట్టకండి." విచిత్రం ఏంటంటే, చెట్టు రంగు అంటే మేం ఎంత చెప్పినా నమ్మనివాళ్ళు ఈ చీటీ చూసి నమ్ముతున్నారు.

ఆ చీటీ వెనకే ఇంకో వాక్యం రాశాం, మూత బిగుసుకుపోతే తెచ్చివ్వండి, ఊరికే సరిచేస్తాం అని. ఇలా అయితే మునిగిపోతామని మా నాన్న ఒకటే టెన్షన్. ఇప్పటిదాకా తెచ్చింది ఇద్దరే, అందులో ఒకటి మాది కాదు. అయినా సరిచేసి ఇచ్చేశా.