పిల్లలు మత్తుకి, కొట్లాటలకి దూరంగా ఉండాలంటే అందరూ కలిసి ఏం చేయాలి

ఎవరో కుర్రాడు మత్తులో దొరికాడనో, కాలేజీ బయట కత్తులు తీశారనో తెలియగానే అందరికీ ముందు తట్టేది ర్యాలీ. ఆ తర్వాత ఒక పోలీసు అధికారిని పిలిచి పిల్లలకి ఉపన్యాసం ఇప్పిస్తారు. మంచి మనసుతోనే చేస్తారు, కానీ దానివల్ల మారేది చాలా తక్కువ. అమెరికాలో 1983లో డేర్ అనే కార్యక్రమం మొదలైంది, పోలీసులే తరగతి గదికి వెళ్లి పాఠాలు చెప్పేవాళ్లు, దేశమంతా పాకింది. తీరా పరిశోధకులు లెక్క తీస్తే ఆ పాత పాఠాలు విన్నవాళ్లకి, విననివాళ్లకి వాడకంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. జైలుకి తీసుకెళ్లి ఖైదీల చేత భయపెట్టించే పద్ధతి ఇంకా ఘోరం, అలా వెళ్లొచ్చిన పిల్లలే తర్వాత ఎక్కువగా నేరాల్లో ఇరుక్కున్నారు. కాబట్టి భయపెట్టే పని పక్కన పెట్టేయండి.

మొదట మనుషుల్ని కూడగట్టండి. బడి, తల్లిదండ్రులు, ఆసుపత్రి, పోలీసులు, స్థానిక పాలన, ఆటల కోచ్‌లు, దుకాణాల వాళ్లు, వీళ్లతో పాటు పదిహేను పదహారేళ్ల పిల్లలు కూడా ఉండాలి. ఫొటో కోసం కూర్చోబెట్టే ఒక్కరు కాదు, నలుగురైదుగురు, మాట్లాడే ధైర్యం ఉన్నవాళ్లు. ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్తాను: ఫోన్లు చేసి, గుర్తుచేసి, పని వెంటపడే మనిషి ఒకరు లేకపోతే ఏ కమిటీ అయినా మూడో మీటింగుకే చల్లబడుతుంది. ఆ పని ఎవరి ఉద్యోగంలో భాగమో ముందే తేల్చండి. మీటింగులో ఏం రాసుకున్నా ప్రతి లైను పక్కనా ఒక పేరు, ఒక తేదీ ఉండాలి. "అవగాహన పెంచాలి" అని రాస్తే ఎవరూ ఏమీ చేయరు. "రాత్రి తొమ్మిది దాకా గ్రౌండు లైట్లు వెలగాలి, ఎవరు చూస్తారు, ఏ తేదీ నుంచి" అని రాస్తే పని జరుగుతుంది.

తర్వాత, ఏం చేయాలో వాదించుకునే ముందు అసలు ఏం జరుగుతోందో చూడాలి. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాటేసేది దీన్నే. వేల్స్‌లోని కార్డిఫ్‌లో జొనాథన్ షెపర్డ్ అనే సర్జన్, దెబ్బలు తిని ఆసుపత్రికి వచ్చేవాళ్లలో చాలామంది సంగతి పోలీసుల దాకా వెళ్లట్లేదని గమనించారు. దానికి ఆయన పట్టిన దారి చాలా మామూలుది. అత్యవసర విభాగం రిసెప్షన్‌లో అడిగేవి కొద్ది ప్రశ్నలే: ఎక్కడ కొట్టారు, ఎన్ని గంటలకి, దేనితో. చోటు కూడా "బజార్లో" అని కాదు, ఏ వీధి, ఏ బార్ ముందు అన్నంత వివరంగా. పేర్లు తీసేసి ఆ వివరాలు పోలీసులకి, నగర పాలనకి పంపేవాళ్లు. దాంతో గస్తీ ఏ వీధిలో ఏ గంటకి కావాలో తెలిసింది, ఆసుపత్రిలో చేరాల్సినంత దెబ్బలు తగ్గాయి. ఈ పద్ధతికి పెద్ద ఖర్చు లేదు, రిసెప్షన్ వాళ్లని ఒప్పించడమే అసలు పని.

మత్తు విషయంలో బడుల్లో పేర్లు లేని సర్వే పెట్టండి. టీచర్ బెంచీల మధ్య తిరగకూడదు, రాశాక పిల్లలే కవరులో పెట్టి అంటించాలి. "నువ్వు వాడతావా" అని మాత్రమే అడిగితే సగమే తెలుస్తుంది. ఎక్కడ దొరుకుతోంది, మొదటిసారి ఎవరు ఇచ్చారు, బడి అయ్యాక సాయంత్రాలు ఎలా గడుస్తాయి, కష్టం వస్తే చెప్పుకోవడానికి ఒక్క పెద్దమనిషైనా ఉన్నాడా, ఇవీ అడగండి. ఫలితాల పట్టికలో మరీ కొద్దిమంది పిల్లలే ఉన్న గడి ఏదైనా ఉంటే ఆ అంకె బయటపెట్టకండి, చిన్నచోట పిల్లల్ని ఇట్టే గుర్తుపట్టేస్తారు. బడుల మధ్య పోటీ పట్టిక అసలే వద్దు. ఇంకోటి, పిల్లలు "అందరూ తాగుతున్నారు" అనుకుంటారు, సర్వే తీస్తే చాలాసార్లు అది నిజం కాదని తేలుతుంది. ఆ నిజమైన అంకె వాళ్లకే చెప్పండి.

ఇప్పుడు రెండే రెండు పనులు ఎంచుకోండి. ఐస్‌లాండ్ ఇలాంటి సర్వేలతోనే నడిచింది: పదిహేను పదహారేళ్ల పిల్లల్లో గత నెలలో తాగి మత్తెక్కినవాళ్లు 1998లో నూటికి 42 మంది, 2016కి 5 మంది. అక్కడ ఆటలకి, సంగీతానికి డబ్బు పెట్టారు, రాత్రి ఏ వయసు పిల్లలు ఎంతవరకు బయట ఉండొచ్చో తల్లిదండ్రులందరూ కలిసి ఒకే మాట మీద నిలబడ్డారు. ఒక ఇంట్లోనే కట్టడి ఉంటే పిల్లవాడు ఇంట్లో గొడవపడతాడు, పది ఇళ్లలో ఒకే కట్టడి ఉంటే ఆ గొడవకి బలం తగ్గుతుంది. దానికి పట్టిన కాలం కూడా చూడండి. ఆరు నెలల్లో ఫలితం అడిగే దాతలకి ముందే ఈ మాట చెప్పేయండి.

కొట్లాటల దగ్గర తొందర అవసరం. దెబ్బ తిన్న కుర్రాడి స్నేహితులు చాలాసార్లు ఆ రాత్రే ప్రతీకారం లెక్క వేసుకుంటారు, ఫోన్లలో వీడియో తిరిగితే ఇంకా త్వరగా. అప్పుడు వాళ్ల దగ్గరికి వెళ్లాల్సింది వాళ్లు మాట వినే మనిషి: ఆ బతుకు బతికి బయటపడ్డ అన్న, పాత కోచ్. ఆ మనిషి ఏం విన్నా పోలీసులకి చేరవేయడని పిల్లలకి నమ్మకం ఉండాలి. ప్రాణాపాయం ఉంటే మాత్రం మినహాయింపు, అది కూడా ముందే వాళ్లతో చెప్పి ఉంచాలి.

ఇక ఇప్పటికే వాడుతున్న పిల్లల సంగతి. దయచేసి బడి నుంచి పంపేయకండి, పంపేస్తే వాళ్లకి మిగిలేది ఆ గుంపే. ఏ టీచర్‌కి చెప్పాలి, ఆ టీచర్ ఏ కౌన్సెలర్‌కి ఫోన్ చేయాలి, ఎన్ని రోజుల్లో అపాయింట్‌మెంట్ రావాలి, ఇదంతా కాగితం మీద పెట్టి స్టాఫ్ రూములో అంటించండి. లేపినా లేవకుండా, ఊపిరి నెమ్మదిగా తీస్తున్న పిల్లవాడు కనిపిస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టి ముందు అంబులెన్స్‌ని పిలవాలని, కేసు అవుతుందేమో అని ఆగకూడదని పిల్లలకే నేర్పండి, ఎందుకంటే ఆ గదిలో ఉండేది వాళ్లే.

రెండేళ్లకి అవే ప్రశ్నలతో సర్వే మళ్లీ పెట్టండి. ఫలితాలు ముందు పిల్లల ముందే పరచండి. కదలని పనిని, ఎంత పెద్దమనిషి మొదలుపెట్టిందైనా సరే, ఆపేసి ఆ డబ్బు పనిచేస్తున్నదానికి మళ్లించండి.