ఆవిరి ఫ్రిగేట్: పేరును బట్టి పోల్చడం, బాయిలర్ వెలిగించడం

భారత నౌకాదళంలో ఓడ పదవీ విరమణ చేసినా పేరు మిగిలే ఉంటుంది. కొన్నేళ్లకు అదే పేరుతో కొత్త ఓడ వస్తుంది. అందుకే పేరొక్కటి చూసి లోపల ఏ ఇంజిన్ ఉందో చెప్పబోతే బోల్తా పడతాం. 1972లో చేరిన నీలగిరి ఆవిరి ఓడ. 2025లో చేరిన నీలగిరి డీజిల్, గ్యాస్ టర్బైన్లతో నడుస్తుంది. బ్రహ్మపుత్రది తిరగబడిన కథ: 1958 నాటి ఓడకు డీజిల్ ఇంజిన్లు, 2000లో వచ్చినదానికి ఆవిరి. కాబట్టి ముందు పేరు, దాని పక్కనే ఓడ సేవలో చేరిన సంవత్సరం రాసుకోండి.

పేర్ల వెనక వరస ఉంది. ఫ్రిగేట్లకు (మధ్య తరహా యుద్ధనౌకలకు) కొండలు, నదులు, ఆయుధాల పేర్లు పెడతారు. ఒక తరగతిలోని ఓడలన్నిటికీ ఒకే మొదటి అక్షరం ఇవ్వడం అలవాటు: గోదావరి, గంగ, గోమతి, బ్రహ్మపుత్ర, బెత్వా, బియాస్. శివాలిక్, సాత్పురా, సహ్యాద్రి ఇంగ్లీషులో ఒకే అక్షరం, మన లిపిలో మాత్రం ‘శ’, ‘స’గా విడిపోతాయి. నీలగిరి తరగతిలో అక్షరం కలవదు, చివరి ‘గిరి’ కలుస్తుంది.

మన దేశంలో కట్టిన ఆవిరి ఫ్రిగేట్లు మూడు తరగతులే: నీలగిరి (1972-81, ఆరు ఓడలు), గోదావరి (1983-88, మూడు), బ్రహ్మపుత్ర (2000-05, మూడు). మూడు తరగతుల్లోనూ ఒక్కో ఓడకు రెండు బాయిలర్లు, రెండు షాఫ్టులు (ప్రొపెల్లర్లను తిప్పే ఇరుసులు), మొత్తం 30,000 హార్స్‌పవర్. నీలగిరికి మూలమైన బ్రిటిష్ లియాండర్ నమూనాలో ఆవిరి పీడనం చదరపు అంగుళానికి 550 పౌండ్లు, వేడి సుమారు 450 డిగ్రీల సెల్సియస్.

గ్యాస్ టర్బైన్ నిమిషాల్లో సిద్ధమవుతుంది. ఆవిరి ఓడకు గంటలు కావాలి. ‘నాలుగు గంటల నోటీసు’ అంటే బయలుదేరాలని అంత ముందే చెప్పాలన్నమాట. చల్లగా ఉన్న ఓడలో మొదట డీజిల్ జనరేటర్ నడిపి, పంపులకు, బ్లోయర్లకు (గాలి తోలే ఫ్యాన్లకు) కరెంటు ఇవ్వాలి. ఆ తర్వాతే బాయిలర్ దగ్గరికి.

గేజ్ గ్లాసులో (బాయిలర్ నీటి మట్టం చూపే గాజు గొట్టంలో) నీరు పావు వంతు చాలు. వేడెక్కితే నీరు ఉబ్బి మట్టం పెరుగుతుంది, ముందే సగానికి నింపితే తర్వాత ఆవిరితో పాటు నీళ్లు టర్బైన్‌లోకి కొట్టుకుపోతాయి. డ్రమ్ (బాయిలర్ పైన నీరు, ఆవిరి ఉండే పీపా) మీది గాలి వాల్వు, సూపర్‌హీటర్ (ఆవిరిని ఇంకా వేడెక్కించే గొట్టాలు) డ్రెయిన్లు తెరిచి ఉంచండి. ఫర్నేస్ (ఇంధన నూనె మండే గది) నేల మీద నూనె మరక కనిపించినా తుడవాల్సిందే. బ్లోయర్‌తో కొన్ని నిమిషాలు గాలి తోలి, లోపల నిలిచిన నూనె ఆవిరిని బయటికి నెట్టాకే ఒక్క బర్నర్ వెలిగించండి. అంటుకోకపోతే నూనె కట్టేసి, మళ్లీ గాలి తోలి, అప్పుడు రెండోసారి ప్రయత్నించాలి. ఎర్రగా కాలిన ఫర్నేస్ గోడ ఇటుకే అంటిస్తుందిలే అనుకోవడమే ఫర్నేస్ పేలుళ్లకు పాత కారణం.

ఫర్నేస్ ఆయిల్ వాడుతుంటే దాన్ని ముందే వేడి చేసి పలచన చేయాలి, లేకపోతే సన్నగా చిమ్మదు. పొగగొట్టం వైపు ఓ కన్నేసి ఉంచండి: నల్ల పొగ గాలి చాలలేదని చెబుతుంది, తెల్ల పొగ గాలి ఎక్కువైందని.

ఇక్కడ తొందర పనికిరాదు. ఆవిరి పారడం మొదలవక ముందు సూపర్‌హీటర్ గొట్టాలను చల్లబరిచేదేమీ లేదు, మంట పెంచితే అవే ముందు కాలిపోతాయి. అందుకే మంటను చిన్నగా, ఆపి ఆపి వేస్తారు. గాలి వాల్వు నుంచి ధారగా ఆవిరి వచ్చాక దాన్ని మూయండి.

పీడనం ఎక్కుతుండగా టర్బైన్ పని మొదలుపెట్టండి. వరస తప్పకూడదు: లూబ్ ఆయిల్ పంపు, కండెన్సర్‌లోకి (వాడిన ఆవిరిని మళ్లీ నీరు చేసే యంత్రంలోకి) సముద్రపు నీరు, టర్నింగ్ గేర్‌తో (చిన్న మోటారు గేరుతో) రోటర్‌ను, అంటే టర్బైన్‌లో తిరిగే భాగాన్ని, నెమ్మదిగా తిప్పడం, ఆ తర్వాతే గ్లాండ్ ఆవిరి (రోటర్ ఇరుసు సందుల్లోంచి గాలి చొరబడకుండా ఇచ్చేది), కండెన్సర్‌లో వాక్యూమ్. నిలిచి ఉన్న రోటర్‌కు గ్లాండ్ ఆవిరి ఇస్తే పైభాగం ఎక్కువ వేడెక్కి రోటర్ వంగుతుంది, తిప్పగానే కంపిస్తుంది. కేసింగ్ (టర్బైన్ తొడుగు) డ్రెయిన్లు మూసి ఉంటే నీళ్లు బ్లేడ్లను కొడతాయి. టర్నింగ్ గేర్ విడదీశామని రెండుసార్లు చూసుకున్నాకే ఆవిరి వాల్వు ముట్టుకోండి. ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి కొద్దిగా తిప్పి, బయలుదేరే దాకా కొన్ని నిమిషాలకోసారి అలాగే చేస్తుండాలి.

నడుస్తున్నప్పుడు పెద్ద శత్రువు ఉప్పు. కండెన్సర్ గొట్టం ఒక్కటి చిల్లిపడినా సముద్రపు నీరు ఫీడ్‌లో (బాయిలర్‌కు వెళ్లే నీటిలో) కలుస్తుంది, బాయిలర్ నురగలు కడుతుంది, గొట్టాల్లో తుప్పు మొదలవుతుంది. ఉప్పు కలిసిన ఫీడ్ నీటికి సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లబారుతుంది. అప్పుడు ఆ కండెన్సర్‌ను వేరు చేయడమే మార్గం.

గేజ్ గ్లాసులో నీరు కనిపించకపోతే నిండిందో ఎండిందో తేలక ముందే బర్నర్లు ఆపండి. ఎండిన గొట్టాల మీదికి చల్లటి నీరు వదిలితే అవి చీలిపోతాయి. ఓడ రేవు చేరాక కూడా కేసింగ్ చల్లారేదాకా టర్నింగ్ గేర్‌తో రోటర్ తిరుగుతూనే ఉండాలి, లూబ్ ఆయిల్ పంపును చిట్టచివర ఆపుతారు.