పాకే మొక్కలు నేలను కప్పకపోతే: ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

నేల మీద పాకుతూ ఏళ్ల తరబడి ఉండే మొక్కలు నీరసంగా కనబడగానే చాలామంది ముందు నీళ్ల పైపో, ఎరువు సంచో అందుకుంటారు. అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఒక తీగను మెల్లగా పైకెత్తి, అడుగున కణుపులు చూడండి. పాకే మొక్క బతుకంతా కణుపు దగ్గరే. అది వేరు వేసిందా, వట్టిగా ఉందా, మెత్తబడిందా చూస్తే సగం సమస్య అక్కడే తేలిపోతుంది.

తీగలు సాగుతున్నాయి, నేల మాత్రం కప్పుకోవడం లేదు

ఎత్తగానే తీగ మొత్తం తేలిగ్గా చేతిలోకి వచ్చేస్తే, కణుపులు నేలలోకి దిగలేదన్నమాట. పై మట్టి గట్టిపడి ఉండొచ్చు. లేదా ఎండుటాకులు, చెక్క పొట్టు మరీ మందంగా పరిచి ఉండొచ్చు. కలుపు రాకూడదని వేసిన నల్ల షీటు ఇంకా పెద్ద అడ్డంకి. కలుపుతో పాటు మన మొక్క వేళ్లను కూడా అది ఆపేస్తుంది. పాకే మొక్కల కింద ఆ షీటు వేయకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

షీటు ఉంటే తీసేయండి. పై మట్టిని 4, 5 సెంటీమీటర్ల లోతున గుల్ల చేసి, కొంచెం కంపోస్టు కలపండి. తీగను దాని మీద పరిచి, కణుపు దగ్గర యూ ఆకారంలో వంచిన ఇనుప తీగముక్కతోనో, చిన్న రాయితోనో అదిమిపెట్టండి. కణుపు పైన పిడికెడు మట్టి వేసి రెండు మూడు వారాలు తడి ఆరకుండా చూస్తే చాలా రకాలు వేరు పట్టేస్తాయి. చిగురు మాత్రం బయటే ఉండాలి.

కణుపులు వేరు వేసినా విస్తరణ కనబడకపోతే, మొక్క నాటి ఎంతకాలమైందో గుర్తు చేసుకోండి. చాలా రకాలు మొదటి ఏడాది బలమంతా వేళ్లకే పెడతాయి. అప్పుడు యూరియా వేసి తొందరపెడితే లేత కాడలు, చీడలు తప్ప ఏమీ రావు. గడ్డిలా సన్నటి ఆకులుండే మాండో గ్రాస్ లాంటివైతే సహజంగానే నిదానం. వాటిని మొదటే 10, 15 సెంటీమీటర్ల ఎడంలో నాటుకోవాలి.

ఉన్నట్టుండి గుండ్రటి మచ్చలా మాడిపోతోంది

దీనికి మాత్రం ఆలస్యం పనికిరాదు. నిన్నటిదాకా పచ్చగా ఉన్న చోట మొక్కలు వాలిపోతే, అందరూ నీళ్లు చాలలేదనుకుంటారు. మట్టి తడిగానే ఉన్నా మొక్క వాడిందంటే మొదలు కుళ్లుతోందని అనుమానించాలి. కాడ మొదట్లో తెల్లటి దారాల్లాంటి బూజు, దాని మీద ఆవగింజల్లాంటి గోధుమరంగు గుళికలు కనిపిస్తే అది స్క్లెరోషియం అనే శిలీంధ్రం. వేడి, తడి కలిసిన వాతావరణంలో విజృంభిస్తుంది. దట్టంగా అల్లుకునే అజుగా అనే పాకే మొక్క దీనికి తొందరగా లొంగిపోతుంది.

చచ్చిన మొక్కలతో పాటు చుట్టూ ఒక జానెడు మేర ఆరోగ్యంగా కనిపించే వాటిని కూడా తీసేయండి. పై మట్టిని కూడా ఎత్తేయాలి, ఎందుకంటే ఆ గుళికలు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. తీసిందంతా సంచిలో కట్టి పారేయండి, కంపోస్టు గుంతలో వేయొద్దు. పార, కత్తెర కడిగాకే ఇంకో మడిలోకి వెళ్లండి. ఖాళీ అయిన నేలను తడిపి, బాగా ఎండ కాసే కాలంలో పారదర్శకమైన ప్లాస్టిక్‌తో అంచులు మూసి 4 నుంచి 6 వారాలు కప్పితే ఆ వేడికి శిలీంధ్రం చాలావరకు తగ్గుతుంది. మిగిలిన మొక్కలను పలచన చేసి, గాలి ఆడేలా చూడండి. నీళ్లు పొద్దున్నే, ఆకుల మీద కాకుండా మొదట్లో పోయాలి.

బూజు లేకుండా వేళ్లు నల్లబడి వాసన వస్తుంటే నీరు నిలవడమే కారణం. మడిని కాస్త ఎత్తు చేయాలి.

నడుమ బోడి, అంచుల్లో పచ్చదనం

ఇది జబ్బు కాదు, ముసలితనం. నడి భాగంలో కాడలు చెక్కలా ముదిరిపోతాయి, కొత్త చిగుళ్లన్నీ అంచులకు చేరతాయి. ముదురు భాగాన్ని తవ్వి తీసేసి, కంపోస్టు కలిపిన కొత్త మట్టి నింపి, అంచుల్లో వేరుపట్టిన ముక్కలను అక్కడ నాటండి. రెండు మూడేళ్లకోసారి ఇలా చేస్తుంటే మడి ఎప్పుడూ లేతగా ఉంటుంది. థైమ్ (వంటల్లో వాడే సువాసన మొక్క) లాంటి వాటిని పూత అయిపోగానే పైపైన కత్తిరిస్తే బోడి పడటం ఆలస్యమవుతుంది. ఆకులు లేని ముదురు కొయ్యదాకా కోస్తే మాత్రం అది మళ్లీ చిగురించకపోవచ్చు.

ఆకులు పసుపుబారుతున్నాయి

పాత ఆకులు ముందు పసుపైతే నత్రజని తక్కువ, కంపోస్టు చాలు. కొత్త ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతే ఇనుము అందడం లేదు. సున్నం ఎక్కువున్న మట్టిలో, ఎప్పుడూ తడిసి ఉండే మట్టిలో ఇలా అవుతుంది. ముందు నీళ్లు తగ్గించి చూడండి, తర్వాతే చీలేటెడ్ ఐరన్ (మొక్క సులువుగా పీల్చుకునే రూపంలోని ఇనుము) వాడండి.

కణుపుల మధ్య దూరం పెరిగి, పూలు తగ్గాయి

వెలుతురు చాలడం లేదు. పైన ఉన్న కొమ్మలు కొట్టండి, లేదా ఆ చోట నీడ ఓర్చే రకం పెట్టండి.

కలుపు గెలుస్తోంది

నాటిన తొలి నెలల్లో ఇది మామూలే. ఖాళీల్లో పలచగా ఎండుటాకులు పరిచి, చేత్తో పీకుతూ ఉండాలి. తుంగ ఉన్న నేలలో మాత్రం నాటకముందే గడ్డలతో సహా ఏరేయాలి. తీగలు అల్లుకున్నాక వాటి మధ్యలోంచి తుంగ గడ్డ తీయడం నరకం.

ఆగకుండా పాకిపోతోంది

పసుపు పూలు పూసే పాకే మొక్క వెడేలియాతో వచ్చే తంటా ఇదే. దాన్ని ప్రపంచంలోని 100 అతి హానికర దురాక్రమణ జాతుల జాబితాలో చేర్చారు. కొత్తగా నాటొద్దనే చెబుతాను. ఇప్పటికే ఉంటే అంచు దాటిన ప్రతి తీగనూ నెలకోసారి కోయండి. కోసిన ముక్కలను కాలువ గట్టు మీదో ఖాళీ స్థలంలోనో పడేయకండి, ఒక్క కణుపు మిగిలినా మళ్లీ మొక్క అవుతుంది. కటిక ఎండలో గచ్చు మీద పరిచి, పెళపెళలాడేలా ఎండాకే పారేయండి.